గిటారు చెక్కకు నూనె

కొత్తపేటలోని ద్రాక్షతోటను ప్లాట్లుగా అమ్ముకుంటూ, దాని అంచున రామచంద్రం మేడ కట్టుకున్నాడు. అందులో ఒక గది ఏడాదిగా మూసే ఉంది. అది కొడుకు పాండురంగంది. పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రాకు గిటారు వాయించేవాడు. ప్రోగ్రాం ముగించుకొని స్కూటరు మీద వస్తుంటే ఎల్బీ నగర్ చౌరస్తా దగ్గర ఇసుక లారీ గుద్దింది.

ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం ఆ గదిలోంచి టంగుమని చప్పుడొచ్చింది. తల్లి భారతమ్మ ఉలిక్కిపడి తలుపు తీసింది. తుప్పుపట్టిన గిటారు తీగ ఒకటి దానంతటదే తెగి చుట్టుకుపోయి ఉంది. గిటారును మెడ పట్టుకొని ఎత్తబోతే అరచెయ్యి గీసుకుపోయింది. వేళ్లు ఆనించే నల్లటి చెక్క ఎండి, బూడిదరంగుకు తిరిగి, కుంచించుకుపోయింది. అందులో అడ్డంగా దిగ్గొట్టిన సన్నటి లోహపు ఫ్రెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చాయి.

మరునాడే రామచంద్రం ఎల్బీ నగర్ వెళ్లి గంగాధరరావును వెంటబెట్టుకొచ్చాడు. తెనాలి నుంచి వచ్చి వాళ్లింట్లోనే కిరాయికున్న ఈ గంగాధరరావే పాండురంగానికి గిటారు నేర్పాడు. ఆ చావు తర్వాత అక్కడ ఉండలేక ఇల్లు మారాడు.

అతను చాప మీద కూర్చొని తీగలన్నీ వదులు చేసి తీసేశాడు. గిటారు మెడ కింద మడిచిన దుప్పటి పెట్టాడు.

"ముందు మురికి తియ్యాలి పిన్నిగారూ. ఆ తర్వాతే నూనె పట్టించాలి."

ఫ్రెట్ల పక్కన మెత్తటి బ్రష్షుతో గీకి గుడ్డతో తుడిచాడు. గుడ్డ నల్లబడింది.

"ఏందది?" అంది భారతమ్మ.

"వేళ్ల చెమటండి. వాయించగా వాయించగా పేరుకుపోతుంది."

ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "ఆపు. అది నా కొడుకుది. ఇంక ముట్టకు."

"చెక్క పలుగుతదే. ఆయన చెప్పేది జర ఇను," అన్నాడు రామచంద్రం.

"వానిది ఇంట్ల ఇంకేం మిగిలింది? బట్టలన్ని ఉతికి పంచిపెడ్తిరి. మంచం సుత బయటేస్తిరి."

గంగాధరరావు గుడ్డ ఒళ్లో పెట్టుకున్నాడు. "మీరు వద్దంటే ఆపేస్తాను. కానీ ఆ చెమటే చెక్కను తినేస్తుందండి. ఇంకో ఎండాకాలం ఓర్వదు."

పక్క ప్లాటులో ఎవరో లారీలోంచి కంకర దింపుతున్నారు. ఆ చప్పుడు ఆగాక ఆమె వంగి, నల్లబడిన గుడ్డను వేలితో తాకింది.

"దవాఖాన నుంచి వాన్ని మూటగట్టి తెచ్చిన్రు," అంది చివరికి. "మొకం సక్కగ సూడనియ్యలే. ఆఖరి తానం నన్ను పొయ్యనియ్యలే."

రామచంద్రం తల దించుకున్నాడు.

"ఇటియ్యి బిడ్డా. నేను జేస్త. ఎట్ల జెయ్యాల్నో చెప్పు."

అతను చెప్పాడు. ఆమె ఫ్రెట్ల మధ్య ఒక్కో గడినీ నెమ్మదిగా, చెక్క నారల వెంటే తుడిచింది. కళ్లలో నీళ్లు దానిమీద పడకుండా భుజానికి మొహం ఒత్తుకుంది. తర్వాత అవిసె నూనె చుక్కలు గుడ్డకు అద్ది రాసింది. ఎండిన చెక్క పీల్చుకుంది. కాసేపాగి, పైన మిగిలింది జిగురు కాకుండా పొడిగుడ్డతో ఒత్తి తీసేసింది. బూడిదరంగు పోయి, నల్లటి చెక్కలో సన్నటి గీతలు తేలాయి. గంగాధరరావు ఫ్రెట్ల కొసలను ఆకురాయితో రాసి నునుపు చేశాడు. కొత్త తీగలు కట్టి శ్రుతి చేశాడు.

"ఏమన్నా వాయించమంటారా?"

"వద్దు బిడ్డా. ఇయ్యాల నాతోని కాదు."

తర్వాత ఏటా ఎండలు మొదలయ్యే ముందు అతను కొత్త తీగలు తీసుకొని వచ్చేవాడు. చెక్క తుడిచి నూనె పట్టించడం మాత్రం భారతమ్మే చేసుకునేది. ఒక ఏడు పని అయ్యాక గిటారును ఆమే ఎత్తి అతని ఒళ్లో పెట్టింది.

"వాయించు," అంది. "వాడు నీ దగ్గర మొదాలు నేర్సుకున్నది."

మొదటి స్వరాలు బయటి అరుగు దాకా వినిపించాయి. అక్కడ రామచంద్రం ప్లాటు బేరానికి వచ్చినవాళ్లతో మాట్లాడుతున్నాడు. చెయ్యెత్తి, "జర ఆగుండ్రి," అన్నాడు వాళ్లతో.