మేడ మీది కుక్క

పొద్దు వాలిందంటే శామ్యూల్ చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి మేడ ఎక్కేవాడు. నీళ్ల ట్యాంకు వెనుక, పాత పరుపులు పేర్చిన సందులో కుక్క ఉండేది. దాని పక్కన కూర్చుని మూతిని రెండు చేతులతో పట్టుకునేవాడు. చీకటి చిక్కబడేదాకా వదిలేవాడు కాదు.

అతని భార్య ఎలిజబెత్ ఉన్నప్పుడు ఆ వేళకే ప్రార్థనకు కూర్చునేది. ఆమె పాట ఎత్తుకోగానే కుక్క కూడా మోర పైకెత్తి రాగం తీసేది. "నీకన్నా ఇదే నయం, గొంతన్న కలుపుతది" అని మొగుణ్ణి దెప్పేది. ఆమె పోయింది, పాటా పోయింది. కుక్కకు మాత్రం ఆ వేళ గుర్తుండిపోయింది, పొద్దు వాలగానే మోర ఎత్తేది. శామ్యూల్‌కు పాట రాదు. మాటే అంతంతమాత్రం.

నాచారంలోని ఆ మూడంతస్తుల ఇంటిని ఓనరు ఉమామహేశ్వర్ సెలవులకు వచ్చేవాళ్లకు రోజువారీ అద్దెకు ఇస్తాడు. తాళాలు, నీళ్లు, దుప్పట్లు శామ్యూల్ పని. మెట్ల కింది గది అతని ఇల్లు. ఎండాకాలంలో ఎవరో తెచ్చిన పెంపుడు కుక్క సోఫా చీల్చి, రాత్రంతా మొరిగి, వాడకట్టునంతా గేటు ముందుకు తెచ్చింది. మర్నాడే గోడకు బోర్డు పడింది, కుక్కలకు చోటు లేదని. "నీదాన్ని గూడ పంపెయ్" అన్నాడు ఓనరు. చర్లపల్లిలో మరదలింటికి పంపేశానని చెప్పి, శామ్యూల్ దాన్ని మేడ మీదికి మార్చి తలుపుకు తాళం వేసుకున్నాడు.

శుక్రవారం సత్యవేణి వచ్చింది. హనుమకొండలో బ్యాంకు ఉద్యోగం. చూపు లేదు. నాగోల్‌లో స్నేహితురాలికి బిడ్డ పుడితే చూసిపోదామని సెలవు పెట్టింది. ఆమెకు దారి చూపుతూ, వీపున పట్టీ, పట్టీకి పిడి ఉన్న నల్ల కుక్క నడిచింది. దారి చూపే కుక్క కాబట్టి ఓనరు ఒప్పుకున్నాడు. అదీ ఒక మాట మీద: అది అరిస్తే ఆమె గది ఖాళీ చేయాలి.

శామ్యూల్ చేయి ఊరుకోలేదు. వంగి దాని చెవుల మధ్య గోకాడు. పిడి కదిలింది.

"ముట్టకుండ్రి అంకుల్," అంది సత్యవేణి. "పట్టీ ఉన్నంతసేపు అది డ్యూటీల ఉంటది."

"డ్యూటీనా? మరి జీతం?"

"రెండు పూటల తిండి. దావత్‌లకు తీస్కపోయినా ముక్క పెట్టనియ్య, పాపం."

"నా బతుకు గూడ గంతే బిడ్డా," అన్నాడు శామ్యూల్. ఆ వారంలో అతను ఒక మనిషితో ఆడిన పెద్ద మాట అదే.

శనివారం సాయంత్రం మోటరు మొరాయించింది. ఉప్పల్‌లో మ్యాచ్ చూడ్డానికి భార్యాబిడ్డలతో వచ్చి సత్యవేణి పక్క గదిలో దిగిన ఫణీంద్ర, ఒంటినిండా నురగతో మెట్ల దాకా వచ్చి అరిచాడు. "ఓ పెద్దాయనా! కండ్లల్ల సబ్బు పోయింది, నీళ్లిడువు!"

శామ్యూల్ సంపు దగ్గర వంగి ఉండగానే పైనుంచి మొదలైంది. సన్నగా లేచి, సాగి సాగి, ఎవరో పిలిచి పలుకు రాక మళ్లీ పిలిచినట్టు. అతను మోకాళ్లు పట్టుకుని మేడ ఎక్కేసరికి వీధిలో కిటికీలు తెరుచుకున్నాయి.

ఫణీంద్ర ఫోను చేయగానే ఓనరు వచ్చాడు. అందరూ సత్యవేణి గుమ్మం ముందు చేరారు.

"మా పాప జడుసుకుంది సార్," అన్నాడు ఫణీంద్ర. "అది మొరుగుడు గాదు, ఏడుపు."

"మావోడు పండుకున్నడు సార్, నోరే తెరవలే," అంది సత్యవేణి. "ఆ కూత మేడ మీదికెల్లి వచ్చింది."

"మేడ మీద కుక్క యాడిదమ్మా? మాటంటే మాటే. సామాన్ సదురుకోండ్రి."

"ఇప్పుడు యాడికి పోవాలె? కుక్క అనంగనే అందరు ఫోన్ పెట్టేసిన్రు. మీరొక్కరే ఇచ్చిన్రు." ఆమె ముఖం శామ్యూల్ నిలబడ్డ వైపు తిరిగింది. "అంకుల్, మీరు ఇన్నరు గద? జర చెప్పుండ్రి."

ఊరుకోవడం అతనికి కొత్త కాదు. ఊరుకున్నా ఎవరూ తప్పు పట్టరు. ఊరుకుంటే కుక్క దక్కుతుంది.

"నాదే సార్," అన్నాడు.

"ఏంది నీది?"

"కూత."

"నువ్వు కూసినవా?" అన్నాడు ఫణీంద్ర.

"నా కుక్క. మేడ మీదున్నది. పంపలే."

ఉమామహేశ్వర్ అతని దగ్గరున్న తాళాల గుత్తిని చూపించాడు. "నీ మాట నమ్మి ఇంటి తాళాలన్నీ నీకిచ్చిన గదయ్యా! రేపు పొద్దుగాల అది కనబడొద్దు. ఉంచుకుంటనంటే నువ్వు గూడ దానెంట పో."

"అంకుల్..." అంది సత్యవేణి. శామ్యూల్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ఆదివారం శామ్యూల్ చర్చికి పోలేదు. కుక్కను ఏ ఆటోవాడూ ఎక్కించుకోలేదు. మల్లాపూర్ మీదుగా, మూసిన ఫ్యాక్టరీల గోడల వెంట ఇద్దరూ నడిచారు. చర్లపల్లిలో మరదలు గ్రేసీ వాకిలి ఊడుస్తోంది.

"అక్క పోయినంక ఇయ్యాల తెలిసిందా బావా మా ఇల్లు?" అంటూనే చీపురు పక్కన పెట్టి సంగతి విన్నది. "ఉంచిపో. మా వాడల కుక్కలు కూయని పొద్దే లేదు, ఇదొకటి ఎక్కువైతదా."

కుక్క వాకిలంతా వాసన చూసి, మంచం కింద దూరి, ముడుచుకుని కళ్లు మూసింది. ఇప్పుడే వెళ్లిపోతే తెలియదనుకుని శామ్యూల్ చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

"ఏమని పిలవాలె బావా దీన్ని?"

అతను ఆగిపోయాడు. పేరు పెట్టింది ఎలిజబెత్, పిలిచిందీ ఆమే. ఇన్నేళ్లలో తను ఏయ్ అన్నాడు, పా అన్నాడు, అంతే.

"రూబీ," అన్నాడు.

కుక్క మంచం కింది నుంచి చప్పున లేచి వచ్చింది. వాకిలి గుమ్మం వైపు, శామ్యూల్ వెనుక వైపు, ఎవరైనా వచ్చారేమోనని మార్చి మార్చి చూసింది. ఎవరూ లేరు. అతని దగ్గరికి వచ్చి పాదాల మీద కూర్చుంది.

గ్రేసీ తాడు అందుకుంది. "ఇగ పిలువకు బావా. నువ్వు పో."

శామ్యూల్ దాని ఒంటి కింద నుంచి పాదాలు మెల్లగా, ఒకటి తర్వాత ఒకటి తీసుకున్నాడు.