నలభై రెండు సెకన్లు

“ఆ మిక్సీ ఆపమ్మా, వాడు పడుకున్నాడు.”

అత్తగారు ఆ మాట గొంతు పెంచకుండా, కళ్ళు మాత్రం పెద్దవి చేసి అంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ ఇంట్లో అందరూ మునివేళ్ళ మీద నడవాలి. కొళాయి సన్నగా తిప్పుకోవాలి. కుక్కర్ కూత పెట్టబోతోందంటే పరుగెత్తి వెళ్ళి స్టవ్ కట్టెయ్యాలి. ఏడేళ్ళ పాప ఆడుకోవాలంటే మెట్ల మీదికి పోవాలి. ఎందుకంటే లోపల పడుకున్నవాడి చేతిలో వందల ప్రాణాలున్నాయి. ఈ సంగతి ఆవిడ పక్కింటావిడకి చెప్పింది, గ్యాసు బండ తెచ్చినవాడికి చెప్పింది, తలుపు కొట్టిన కొరియర్ మనిషిక్కూడా చెప్పింది. వాడికి నిద్ర చాలకపోతే ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకుంటాయట, ఆ పాపం తలుపు కొట్టినవాళ్ళకే చుట్టుకుంటుందట.

కోడలి చేతిలో కూడా సరిగ్గా అన్నే ప్రాణాలున్నాయి. ఆ సంగతి మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు. అదే విమాన నియంత్రణ కేంద్రం, అదే రాడార్ తెర, చివరికి అదే కుర్చీ. పొద్దున ఆరు నుంచి రెండు దాకా అందులో భర్త కూర్చుంటాడు, రెండు నుంచి పది దాకా ఆమె కూర్చుంటుంది. “ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి కదా” అని ఈ ఎదురు షిఫ్టులు అతనే అడిగి వేయించుకున్నాడు. అతను ఇంట్లో ఉండటమంటే తిని పడుకోవటం. ఆమె ఇంట్లో ఉండటమంటే ఐదింటికి లేచి అతని డబ్బా కట్టటం, పాపకి జడ వెయ్యటం, అత్తగారి మోకాళ్ళకి మందు రాయటం, బట్టలు, గిన్నెలు, రాత్రి వంట కూడా ముందే చేసి మూతలు పెట్టి, ఒంటిగంటన్నరకి బస్సెక్కటం. నిబంధనల పుస్తకంలో రెండు షిఫ్టుల నడుమ సమయాన్ని ‘విశ్రాంతి’ అన్నారు. ఆ పేజీ రాసిన మహానుభావుడికి ఇంట్లో ఎవరో వేళకి వండిపెట్టి ఉంటారు.

ఇవాళ ఆమె మధ్యాహ్నం ఇంట్లో ఉండటానికి కారణం సెలవు కాదు. నాలుగు రోజుల కిందట ఆమెని ఆ కుర్చీలోంచి లేపేశారు.

ఆకాశంలో ఒకే ఎత్తున ఎగిరే రెండు విమానాల మధ్య ఐదు మైళ్ళ దూరమన్నా ఉండాలి. అంత దూరం లేకపోతే కిందకీ పైకీ వెయ్యి అడుగులన్నా ఉండాలి. ఆ రెండూ తప్పిన క్షణాన ఆ కుర్చీలో ఎవరుంటే వాళ్ళు లేచి వెళ్ళాలి, విచారణ అయ్యేదాకా తెర ముందుకి రాకూడదు. ఆ రోజు ఆమె కూర్చున్న మూడో నిమిషంలోనే ఆ రెండూ తప్పాయి. నూట ఎనభై మంది ఉన్న విమానం ముప్పై ఐదు వేల అడుగుల మీద వస్తోంది. ముప్పై మూడు వేల మీద ఉండాల్సిన సరుకు విమానం ఎవరో పిలిచినట్టు దాని దారిలోకి ఎక్కుతూ వస్తోంది. తెర మీద దాని పక్కనుండే ఎత్తు అంకె మారటం చూసి ఆమె గుండె జారిపోయింది, గొంతు మాత్రం జారలేదు. ఒకదాన్ని కుడికి తిప్పింది, రెండోదాన్ని ఇంక ఎక్కొద్దని ఉన్న ఎత్తులోనే ఆపింది. బాగా దగ్గరికొచ్చినప్పుడు వాటి మధ్య మూడు మైళ్ళు, నాలుగు వందల అడుగులు. లోపలున్నవాళ్ళు కాఫీ తాగుతూనే ఉండి ఉంటారు.

సరుకు విమానాన్ని పైకి ఎక్కమన్నది ఆమె కాదు. రెండింటికి రెండు నిమిషాల ముందు భర్త ఎక్కమన్నాడు. ఆ మాట తెరమీద నమోదు చెయ్యలేదు, ఆమెకి చెప్పనూ లేదు.

కుర్చీ మారేటప్పుడు ఒక పద్ధతుంది. లేచేవాడు ఆకాశాన్ని మాటల్లో అప్పజెప్పాలి. ఏది ఎక్కడుంది, దేన్ని ఎక్కమన్నాను, దేన్ని దిగమన్నాను, ఇంకా మిగిలిందేమిటి అని. కూర్చునేవాళ్ళు అడగాల్సినవన్నీ అడిగి, అప్పుడు “పొజిషన్ నాది” అనాలి. ఆ తర్వాత కూడా లేచినవాడు మూడు నిమిషాలు పక్కనే నిలబడాలి. మిగతావాళ్ళతో అతను ఇదంతా తు.చ. తప్పకుండా చేస్తాడు. పెళ్ళాంతో పద్ధతేమిటి? పైగా రోజంతటిలో ఇద్దరూ మెలకువగా ఎదురుపడే చోటు ఆ కుర్చీ ఒక్కటే. అందుకని ఆ రోజు కూడా అతను హెడ్‌సెట్ తీస్తూ ఇంటి సంగతులు అందుకున్నాడు. ఆమె సరే సరే అని, పొజిషన్ నాది అంది. అతను డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు. మూడు నిమిషాలు కాదు గదా, మూడు క్షణాలైనా నిలబడలేదు.

ఈ నాలుగు రోజులూ అతను మామూలుగా డ్యూటీకి వెళ్తున్నాడు. విమానాలు దగ్గరికొచ్చినప్పుడు కుర్చీలో ఉన్నది అతను కాదు కదా.

ఇవాళ సాయంత్రం ఐదింటికి లేచి, ఆమె ఇచ్చిన కాఫీ సగం తాగి, ఒక కాగితం బల్ల మీద పెట్టాడు.

“నేనే టైపు చేయించాను. నీకెందుకు శ్రమ అని.”

ఆమె చదివింది. అలసట వల్ల నా ఏకాగ్రత తప్పింది, తప్పు పూర్తిగా నాదే, కుర్చీ మారేటప్పటి గది రికార్డింగు వినవలసిన అవసరం లేదు. కింద సంతకానికి చోటు వదిలాడు. పైన తేదీ కూడా వేసేశాడు.

“అలసట దేనివల్లో రాయలేదేం?” అంది.

“ఇల్లూ పిల్లా అంటే వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఆడవాళ్ళంటే కాస్త జాలి చూపిస్తారు. మహా అయితే మూడు నెలలు రికార్డుల గదిలో వేస్తారు, తొమ్మిది నుంచి ఐదు. ఇంటికీ నయమే.”

“నా మీద ఇప్పటికే ఒక రిమార్కుంది. రెండోది పడితే ఇంక రాడార్ ముందు కూర్చోనివ్వరు. మీకు తెలుసు.”

మొదటి రిమార్కు పాపకి జ్వరమొచ్చి శిక్షణ పరీక్షకి గంట ఆలస్యమైనందుకు పడింది. ఆ రోజు అతను పడుకున్నాడు.

“తెలిస్తే?” అన్నాడు కప్పు దించి. “వచ్చేవారం నా శిక్షకుడి పోస్టు ఖాయం చేస్తున్నారు. ఆ రికార్డింగు విన్నారంటే అది గోవిందా. నీకు పోయేది ఒక కుర్చీ. నాకు పోయేది పదిహేనేళ్ళ పేరు.”

“ఆడదానికి ఆ హడావుడి ఉద్యోగం ఏమిటని నేను మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను” అంది అత్తగారు, గుమ్మంలో నిలబడి. “మొగుడికి మచ్చ రాకుండా చూసుకోవటం కంటే కావలసిందేముందమ్మా? సంతకం పెట్టెయ్, పీడా పోతుంది.”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పదకొండేళ్ళు. ఆ కుర్చీ ఒక్కటే ఆమె మాట అన్నది అన్నట్టు జరిగే చోటు. ఎడమకి తిరగమంటే మూడు వందల టన్నుల ఇనుము ఎడమకి తిరుగుతుంది, చెప్పిన మాట మళ్ళీ చెప్పి మరీ తిరుగుతుంది. ఈ ఇంట్లో తడి తువ్వాలు మంచం మీద వెయ్యొద్దని పదకొండేళ్ళుగా చెబుతోంది. ఆ కుర్చీ తీసేసుకుని, బదులుగా వీళ్ళు తొమ్మిది నుంచి ఐదు ఇస్తారట, మిగతా అంతా వంటింట్లో ఉండొచ్చట. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది. సంతకం పెడుతుందనుకుని అతను టీవీ పెట్టుకున్నాడు.

మర్నాడు పదకొండింటికి విచారణ గదిలో ఒక పొడుగు బల్ల, దాని వెనక రిటైర్మెంటుకి దగ్గరపడ్డ విచారణ అధికారి, పక్కన టైపిస్టు. ఇటువైపు భార్యాభర్తలు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ. ఆమె మడతపెట్టిన కాగితం తీసి, సంతకం లేకుండానే అధికారి ముందు పెట్టింది.

“ఇది నేను రాసింది కాదు సార్. గది రికార్డింగు వినిపించండి.”

భర్త ఆమె వైపు తిరిగాడు. ఇంట్లో అయితే ఆ చూపుకి ఆమె మాట మింగేసేది. అధికారి మీట నొక్కాడు. కుర్చీ పైనున్న మైకుకి మొగుడెవరో పెళ్ళామెవరో తెలియదు, విన్నదంతా పట్టేసింది.

“గీజర్ వాడు ఇవాళా రాలేదు, బ్రేక్‌లో ఫోన్ చేసి గట్టిగా అడుగు. అమ్మ మోకాళ్ళ మందైపోయింది, వచ్చేటప్పుడు పట్రా. రేపు చెల్లీ వాళ్ళు భోజనానికొస్తున్నారు, నలుగురు. పాప టీచరుకి జవాబివ్వలేదట, ఏం చేస్తున్నావసలు? నా చొక్కా ఒక్కటీ ఇస్త్రీ లేదు. ఆఁ, ఇవాళ కూరలో ఉప్పు చాల్లేదు.”

ప్రతి మాట వెనకా ఆమె గొంతు. సరే. సరే. సరే. తర్వాత డబ్బా మూత చప్పుడు. పొజిషన్ నాది.

అధికారి చెవులు ఎర్రబడ్డాయి. టైపిస్టు వైపు తిరిగాడు. “ఈ నలభై రెండు సెకన్లూ టైపు చెయ్యక్కర్లేదు. ‘సంబంధం లేని సంభాషణ’ అని రాసెయ్. పాపం, వాళ్ళ ఇంటి విషయం.”

భర్త ఊపిరి వదలటం ఆమెకి వినిపించింది.

“అక్షరం పోకుండా టైపు చెయ్యండి” అంది ఆమె. “నూట ఎనభై మంది ప్రాణాల సంగతి చెప్పాల్సిన టైమది. అందులో ఏం చెప్పారో ఫైల్లో ఉండాలి.”

“ఇంటి గుట్టు ఫైలుకెక్కిస్తావామ్మా?”

“నేనెక్కించలేదు సార్. కుర్చీ దాకా తెచ్చింది ఆయన. నా తప్పు కూడా రాయండి. ఆకాశం సంగతేమిటని నేను అడగాలి. అడగలేదు.”

“ఎందుకడగలేదు?”

 ఈ ప్రశ్న ఆమె ఐదు రోజులుగా తనని తాను వేసుకుంటూనే ఉంది.

“పైలట్ తప్పు చెబితే మధ్యలో ఆపుతాను సార్, ఎంత పెద్ద కెప్టెనైనా సరే. ఆయన పని చెబుతుంటే ఆపటం నాకు అలవాటు లేదు. సరే అనటమే అలవాటు. ఆ రోజు కుర్చీలో కూర్చుని కూడా పెళ్ళాంలాగే విన్నాను.”

టైపిస్టు వేళ్ళు ఆగాయి, మళ్ళీ కదిలాయి. గీజరూ, మోకాళ్ళ మందూ, ఉప్పూ ఒక్కొక్కటే ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కాయి. అధికారి చాలాసేపు రాసుకుని చివరికి చదివాడు. నమోదు చెయ్యనందుకు, చెప్పనందుకు, మూడు నిమిషాలు నిలబడనందుకు ప్రధాన బాధ్యత భర్తది, శిక్షకుడి పోస్టు ఫైలు వెనక్కి. అడగనందుకు ఆమెకి పదిహేను రోజుల శిక్షణ, పరీక్ష, ఆ తర్వాత మళ్ళీ అదే కుర్చీ. రిమార్కు లేదు.

“ఇంకేమన్నా చెప్పుకోవాలనుంటే కింద రాసి సంతకాలు పెట్టండి” అన్నాడు.

ఆమె కలం తీసుకుని ఒక్క వాక్యం రాసింది. అధికారి కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు. “ఇకమీదట ఈ కంట్రోలర్ చేతినుంచి నేను పొజిషన్ తీసుకోను.”

భర్త లేచి నిలబడ్డాడు. పోస్టు పోయినప్పుడు కూడా అంత కంగారు పడలేదు. “సార్, ఎదురు షిఫ్టుల మీదే మా ఇల్లు నడుస్తోంది. అది తీసేస్తే పాపనెవరు చూస్తారు? అమ్మ మందులు? వంట?” అని, ఆమె వైపు తిరిగాడు. “ఇక్కడ తీసుకోనంటావ్, బానే ఉంది. ఇంట్లో ఎలా మరి?”

ఆమె సంతకం పూర్తి చేసి, కలానికి మూత పెట్టింది.

“ఇంట్లో కూడా అంతే” అంది.