విరిగిన పచ్చనీరు

చేపల చెరువులో మేతగా పెరిగే నాచు పచ్చదనం రెండు మూడు రోజుల్లో విరిగిపోతే, గిట్టనివాళ్ళెవరో పురుగుమందు కలిపారని కొల్లేటి గట్ల మీద అందరూ నమ్ముతారు. 2003 నవంబరులో హనుమంతరావు గారూ అదే నమ్మారు. మోచేతి వరకు చేయి ముంచితే అరచేయి కనబడనంత చిక్కగా ఉండే ఆయన చెరువు, గోధుమరంగుకు తిరిగి తేటపడింది. అనుమానం కాపలాదారు దేవసహాయం మీద పడింది.

అతని భార్య సారమ్మ ఆ నీరు సీసాలో పట్టుకొని ఏలూరులో మా ఇంటికి వచ్చింది. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనవాడిని.

"మా ఆయన ఏ మందూ కలపలేదండీ. మీ భూతద్దంలో చూసి చెప్పండి. పది రోజుల్లో తేలకపోతే గట్టు మీద పాక ఖాళీ చేసి పొమ్మన్నారండి."

సూక్ష్మదర్శినిలో చూసేకొద్దీ అయోమయం పెరిగింది. నాచు కణాల గోడకు వెలుపల రంగులేని బుడగలు అంటుకొని ఉన్నాయి. అవి నాచువేనా, పరాయివా? ఒక బుడగ నుంచి వేరులాంటి పోగు కణంలోకి దిగింది; లోపలి పత్రహరితం ముద్దకట్టి గోధుమరంగుకు మారింది. మరో బుడగలో మెరిసే నూనె చుక్క ఒక్కటే ఉంది. పక్కదానిలో అలాంటివి ఇరవై దాకా కనిపించాయి. చుక్కకొకటి చొప్పున ఈదే బీజాలు తయారవుతున్నాయేమో అనిపించినా, అలాంటివి నాచుకూ ఉంటాయి గనుక తేల్చలేకపోయాను. మూడో గంటలో ఒక బుడగ మూత తెరుచుకుంది. లోపల ఒక నూనె చుక్క, వెనుక ఒక తోక గల సిద్ధబీజాలు బయటికి ఈదాయి. వాటిలో పచ్చదనం లేదు. శిలీంధ్రమే. కాని అది నాచును చంపిందా, చచ్చిన నాచు మీదికి చేరిందా?

రెండు జాడీల్లో మరో చెరువు పచ్చనీరు పోశాను. ఒకదానిలో సీసా నీరు ఒక చెంచా, రెండోదానిలో అదే నీరు మరగబెట్టి చల్లార్చి ఒక చెంచా వేశాను. తొమ్మిదో రోజుకు మొదటి జాడీ తేటపడింది. రెండోది పచ్చగానే ఉంది. తేటపడినదానిలో బుడగలు లెక్కకు మించి పెరిగాయి. మందు అలా పెరగదు.

ఆ మాటే గట్టు మీద హనుమంతరావు గారికి చెప్పాను.

"మందు కాదంటే ఒప్పుకుంటానండీ మాస్టారూ. ప్రాణమున్నదైతే, నడిచొచ్చిందాండీ నా చెరువులోకి?"

దేవసహాయం చేతులు కట్టుకున్నాడు. "నేనే తెచ్చుంటానండి. పచ్చ పలచబడిందని గణపవరం చెరువు నీళ్ళు నాలుగు బిందెలు తెచ్చి ఇందులో తోడేశానండి, పాలల్లో పెరుగేసినట్టు. ఎప్పుడూ చేసేదేనండి."

"ఆ చెరువెలా ఉందయ్యా ఇప్పుడు?" అని ఆయన అడిగారు.

"అదీ విరిగిపోయిందంటండి."

హనుమంతరావు గారు నా వైపు తిరిగారు. "ఇప్పుడు చెప్పండి మాస్టారూ, ఇతను తప్పు చేసినట్టా, చెయ్యనట్టా?"

సారమ్మ నా ముఖంలోకి చూస్తోంది. "తెలియక చేశాడండీ" అన్నాను.

"తెలియకపోయినా నీరు విరిగింది కదండీ."

చెరువులో ఎవరూ మందు కలపలేదని ఆయన నలుగురి ముందు ఒప్పుకున్నారు. సోమవారం రత్నం అనే కొత్త కాపలాదారు పాకలో దిగాడు.