దిబ్బ మీద గొడుగు

"వెనక్కి తిరక్కు. నన్ను చూడు. నన్నే చూస్తూ అడుగు వెయ్యి," అంది అక్క, దిబ్బ నెత్తిన గొడుగు వేసుకుని కూర్చుని.

కింద తమ్ముడు వెనక్కి నడుస్తూ దిగుతున్నాడు. చేతిలో పొడుగాటి కర్ర, దాని చివర అడ్డంగా బిగించిన చెక్క. ఒక అడుగు వెనక్కి వేస్తాడు, చెక్కను తన వైపు లాక్కుంటాడు. అప్పుడే పడ్డ అడుగు చెక్క కింద మాయమవుతుంది. మళ్ళీ అడుగు, మళ్ళీ చెక్క. కిందికి చేరేసరికి మనిషి కింద ఉంటాడు, వచ్చిన జాడ ఉండదు. పని అంతే. చెప్పుకోడానికి ఇంతేగానీ చెయ్యబోతే తెలుస్తుంది. నడుం ఒకవైపు, కాళ్ళు ఒకవైపు, మనసు ఇంకోవైపు లాగుతాయి. వీపు వెనక ఏముందో చూడాలని మెడ దానంతటదే తిరుగుతుంది. మెడ తిరిగితే కర్ర తిరుగుతుంది, కర్ర తిరిగితే నున్నటి ఇసుకలో గాడి పడుతుంది.

తమ్ముడు తిరిగాడు. గాడి పడింది.

"వెనకేముందక్కా?"

"ఇసుకుంది. నిన్నా అదే ఉంది, రేపూ అదే ఉంటుంది. ఏమన్నా కొత్తది వస్తే నేనే పిలిచి చెబుతా. చూడు, నా గొడుగు చూడు."

నల్ల గొడుగు అది. ఒక ఊచ విరిగి గుడ్డ జారిపోతే పసుపుపచ్చ పేలిక వేసి కుట్టింది. ఎంత దూరం నుంచైనా ఆనవాలు పట్టొచ్చు. తమ్ముడు దాన్ని చూసి నవ్వి, మళ్ళీ అడుగు వెనక్కి వేశాడు. గొడుగు కనబడినంతసేపూ వాడు తిరగడు. ఆ కిటుకు కనిపెట్టడానికి అక్కకు ఎండాకాలమంతా పట్టింది.

ఎడారి అంచున ఉన్న ఆ చిన్న ఊరికి జనం వచ్చేది ఈ దిబ్బ చూడ్డానికే. ఉప్పు మైదానం, ఇసుకలో కూరుకుపోయిన రైలు పెట్టె, అద్దాల పెట్టెలో తేళ్ళు, ఒంటె సవారీ అని బస్టాండులో పెద్ద బోర్డు రాసిపెట్టారు గానీ, అందరి కెమెరాలూ మొదట తిరిగేది దిబ్బ వైపే. పొద్దున్నే గేటు తియ్యగానే గైడు జనాన్ని ఎదురుగా ఉన్న అరుగు మీద నిలబెట్టి, "గాలి తప్ప మనిషి అడుగు పడని చోటు!" అని చెయ్యి చాపుతాడు. జనం 'అబ్బా' అంటారు. ఫోటోలు తీసుకుంటారు. ఆ వెంటనే చెప్పులు విప్పి వాళ్ళే ఎగబడి ఎక్కుతారు, జారతారు, పొర్లుతారు. మధ్యాహ్నానికి దిబ్బ గొర్రెల మంద తొక్కిన చేనులా ఉంటుంది. మర్నాడు తెల్లవారేసరికి మళ్ళీ మనిషి అడుగు పడని చోటై కూర్చోవాలి. కూర్చోబెట్టేది అక్క.

ఆవిణ్ణి అందరూ ఇసుకక్క అంటారు, ఆవిడకన్నా పెద్దవాళ్ళు కూడా. ఎండిన కట్టెలాంటి మనిషి. మడమలు నెర్రెలు విచ్చి, ఆ నెర్రెల్లో ఇసుక ఇల్లు కట్టుకుంది. తమ్ముడేమో నిలువెత్తు మనిషి. గడ్డం నెరిసినా పేరు మాత్రం బుజ్జోడే. చొక్కా బొత్తాలు వాడికి ఎప్పుడూ ఒకటి అటూ ఒకటి ఇటూ. పొద్దున్నే వాటిని విప్పి సరిగా పెట్టడంతో అక్కకు రోజు మొదలవుతుంది.

వాళ్ళమ్మ ఉప్పు గీకే పనికి పోతూ ఇద్దరి నడుములకూ ఒకే గుడ్డతాడు ముడేసి పోయేది, బుజ్జోడు తప్పిపోతాడని. అమ్మ పోయింది, తాడు చివికిపోయింది, ముడి మాత్రం ఊడలేదు. వయసులో ఉండగా ఒక సంబంధం వచ్చింది. మైదానానికి జనాన్ని తీసుకుపోయే బస్సు డ్రైవరు. మంచివాడే. డ్రైవరు తల్లి వచ్చి చూసి, "పిల్ల బాగుంది, కొసరుగా వచ్చేవాడే బాగాలేడు," అంది. "మా దగ్గర కొసరు లేకుండా అసలు ఇవ్వమండీ," అంది అక్క, మంచినీళ్ళ గ్లాసు చేతికిస్తూనే. డ్రైవరు ఆ తర్వాత చాలా ఏళ్ళు దిబ్బ మలుపు దగ్గర ఒక్కసారి హారను కొట్టి పోయేవాడు. ఎప్పుడో అది కూడా ఆగింది. ఎప్పుడాగిందో ఆవిడ గమనించనే లేదు, పనిలో ఉంది.

ఈమధ్య దిబ్బ సగం ఎక్కేసరికి గుండెను ఎవరో పిడికిట్లో పట్టి పిండి వదిలినట్టవుతోంది. ఊళ్ళో వైద్య శిబిరానికి వచ్చిన డాక్టరు ఎక్కడం మానెయ్యమన్నాడు. "దిగొచ్చా మరి?" అని అడిగి ఆయన్ని నవ్వించి వచ్చేసింది. ఊపిరాడని మాట ఇంకెవరికీ చెప్పలేదుగానీ, దగ్గు దాగుతుందా? సూపర్‌వైజరు చూడనే చూశాడు. చెడ్డవాడు కాదు. మెత్తగానే చెప్పాడు.

"గది ఇచ్చింది పనికమ్మా, మనిషికి కాదు. రేపు మీకు చాతకాకపోతే ఆ పనికి వచ్చినవాళ్ళకి గది ఇవ్వాలి. మీ తమ్ముణ్ణి పట్నంలో ఆశ్రమంలో చేర్పిద్దాం. వేళకింత తిండి పెడతారు."

టిక్కెట్ల కిటికీ వెనక ఉన్న ఒంటి గది అది. పోతే పోనీ, గదిదేముంది? కానీ ఆశ్రమం ఆవిడ చూసి వచ్చింది. ఇనప మంచాలు. తెల్లగా కడిగిన నేల. అక్కడ వాళ్ళ చొక్కాలకు బొత్తాల్లేవు. ఒకళ్ళకు పెట్టి ఒకళ్ళకు తియ్యలేక అందరివీ కత్తిరించేశారట. రొమ్ములు తెరుచుకుని మగవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. వచ్చిన బస్సులోనే తిరిగొచ్చి, మర్నాటి నుంచీ తమ్ముడి చేతికి కర్ర ఇచ్చింది. ఆ పని వాడిదైతే గదీ వాడిదే. ఆశ్రమం మాట ఉండదు.

జనం దిబ్బ ఎక్కడం మొదలయ్యాక అక్కాతమ్ముళ్ళు రైలు పెట్టె దగ్గరికి పోయారు. తుఫాను ఒక్క రాత్రిలో మింగేసిన రైలని గైడు చెబుతాడు. నిజానికి అది లారీ మీద వచ్చింది. పారలు పట్టుకుని పూడ్చినవాళ్ళలో అక్క ఒకతి. గాలి రోజూ దాన్ని బయటికి తియ్యాలని చూస్తుంది, అక్క రోజూ పూడుస్తుంది. ఇద్దరికీ పంతమే.

"లోపల మనుషులున్నారా అప్పుడు?" అని అడిగింది ఒక చిన్న పిల్ల, కిటికీలోకి ఇసుక పోస్తున్న అక్కను.

"లేరమ్మా, ఖాళీగానే వచ్చింది."

గైడు నెత్తి కొట్టుకున్నాడు. "ఇసుకక్కా, నీకు దండం పెడతా. పది మందిని చంపి కథ నిలబెడితే నువ్వొచ్చి అందర్నీ బతికించేస్తావు!"

"బతికినవాళ్ళు నీకు శాపం పెట్టరులే," అంది అక్క. అని, పార ఆనించి నిలబడి, ఊపిరి దొరికేదాకా రైలును చూస్తున్నట్టు నటించింది.

మధ్యాహ్నం సూపర్‌వైజరు వచ్చాడు. "సాయంత్రం పెద్దవాళ్ళు వస్తున్నారు, సూర్యాస్తమయం చూడ్డానికి. జనాన్ని త్వరగా పంపించేసి దిబ్బ ఇంకోసారి చదును చెయ్యాలి. మీ తమ్ముడొక్కడే చెయ్యాలి. మీరు కర్ర ముట్టుకోకూడదు. కింద నిలబడి చూస్తా. బాగా వచ్చిందా, రేపట్నించీ పని అతని పేరు మీదే. గదీ అంతే."

"నేను పైన కూర్చోవచ్చా సార్?"

"కూర్చోండి. కర్ర మాత్రం ముట్టుకోవద్దు."

గదిలోకి పోయి ఇద్దరూ ఒక కంచం ముందు కూర్చున్నారు. ఆవిడ ముద్దలు కలిపిందేగానీ తన నోటిదాకా పోలేదు. తర్వాత తమ్ముడి చొక్కా బొత్తాలు విప్పి, "ఇవాళ నువ్వే పెట్టుకో," అంది. నాలిక బయటపెట్టి, చెమటలు కక్కుతూ పెట్టుకున్నాడు. చివరికొచ్చేసరికి ఒక బొత్తం మిగిలింది, కన్నం లేదు. సరిచెయ్యబోయిన చేతిని ఆవిడ వెనక్కి తీసుకుంది.

"దొరబాబులా ఉన్నావు పద."

దిబ్బ వెనక వైపు ఒంటె మామ ఒంటెను కూర్చోబెట్టి ఉన్నాడు. ఊళ్ళో అందరికీ ఆయన మామే, అక్కకు మాత్రం అన్న. ఆవిడ రెండడుగులకోసారి ఆగడం దూరం నుంచే చూశాడు.

"ఎక్కు చెల్లెమ్మా, పైన దింపుతా."

"ఎక్కితే టిక్కెట్టు అడుగుతావన్నా."

"నిన్ను టిక్కెట్టు అడిగితే నా ఒంటే నవ్విపోతుంది. ఎక్కు."

పుట్టి బుద్ధెరిగాక ఒంటె ఎక్కడం ఆవిడకు అదే మొదలు. పైకి చేరాక గొడుగు కర్ర ఇసుకలోకి గట్టిగా దించి, దానికి భుజం ఆనించి కూర్చుంది. అన్నేళ్ళూ ఎక్కిందంటే పనికి ఎక్కింది. దిగేటప్పుడు మొహం దిబ్బకే ఉండేది, వీపు ఊరికి. ఈమధ్య పైన కూర్చున్నా కళ్ళు తమ్ముడి పాదాల మీదే. ఇవాళ తలెత్తి చూసింది. ఉప్పు మైదానం తెల్లగా, అంచు లేకుండా ఉంది. రైలు పెట్టె అగ్గిపెట్టెంత. టిక్కెట్ల కిటికీ వెనక తమ గది కప్పు, దాని మీద ఆరేసిన తమ్ముడి రెండో చొక్కా.

"ఇంతేనా అన్నా? దీనికా ఇంత దూరం పడొస్తారు జనం?"

"ఇంతే. చూసిపోయేవాళ్ళకి అంతే చాలు," అని ఒంటె మామ వెనక నుంచి దిగిపోయాడు.

తమ్ముడు మొదలుపెట్టాడు. ఒక పట్టీ దిగడం, దిబ్బ చుట్టూ తిరిగి వెనక నుంచి ఎక్కి రావడం, దాని పక్క పట్టీ దిగడం. ఎక్కివచ్చిన ప్రతిసారీ అక్క మొహంలోకి చూస్తాడు. "బాగుంది. ఇంకోటి," అంటుంది. వాడు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. చెక్క కింద దిబ్బ వేడి పాల మీద మీగడలా పరుచుకుంటూ వచ్చింది. పొద్దు వాలింది. ఒక్క పట్టీ మిగిలింది.

"ఇదే ఆఖరిది బుజ్జీ. దిగాక పైకి రాకు. నేను వెనక నుంచి వచ్చేస్తా. ముందు వైపు ఒక్క అడుగు వేశావో, చేసిందంతా మట్టే."

"నువ్వు వెళ్ళిపోవు కదా?"

"ఎక్కడికి పోతా? గొడుగు చూసుకో. గొడుగున్నచోట నేనుంటా."

వాడు దిగుతున్నాడు. అడుగు, చెక్క. అడుగు, చెక్క. సగం దారిలో తలెత్తి, "అక్కా, చూస్తున్నావా?" అని కేకేశాడు.

చూస్తోంది. ఒక బొత్తం పైకి లేచిపోయిన చొక్కా, పెద్ద పాదాలు, వాటి ముందు తుడిచిపెట్టుకుపోతున్న ఇసుక. గుండెను పట్టిన పిడికిలి ఈసారి వదల్లేదు. "ఆఁ," అంది. ఆ మాట గొడుగు దాటి పోలేదు.

కిందికి దిగాక సూపర్‌వైజరు అటూ ఇటూ నడిచి చూసి, వాడి వీపు తట్టాడు. "భేష్. అక్కకు చెప్పు, గది మీదే అని." బుజ్జోడు పైకి చెయ్యి ఊపాడు. గొడుగు కదల్లేదు. మళ్ళీ ఊపాడు. పైకి ఒక అడుగు వెయ్యబోతే సూపర్‌వైజరు గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "ఆగాగు! కార్లు వచ్చేస్తున్నాయి."

పెద్దవాళ్ళు వచ్చారు, అరుగెక్కారు. ఎర్రటి పొద్దు, గీత లేని ఇసుక, నెత్తిన గొడుగు కింద నల్లటి మనిషి నీడ. "ఏం అమర్చారండీ!" అన్నారు. సూపర్‌వైజరు చేతులు నలుపుకుని నవ్వాడు. అందరూ ఫోటోలు తీసుకున్నారు. బుజ్జోడు వాళ్ళ పక్కనే కర్ర పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో ఉంచి నిలబడే ఉన్నాడు. ముందు వైపు అడుగు వెయ్యకూడదు. అక్క చెప్పింది.

కార్లు కదిలాక ఒంటె మామ వెనక వైపు నుంచి ఎక్కిపోయాడు. కాసేపటికి ఆయన ఒక్కడే ముందు వైపుకొచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. దిగలేదు. అది చూసి సూపర్‌వైజరు బుజ్జోడి చెయ్యి వదిలేశాడు.

మర్నాడంతా ఆవిణ్ణి సాగనంపడంతోనే సరిపోయింది. బుజ్జోడు ఏడవలేదు. అందరూ తిరిగొస్తుంటే, "అక్క గొడుగేది?" అని మాత్రం అడిగాడు. ఒంటె మామ తెచ్చి ఇచ్చాడు.

ఆపైరోజు పొద్దున్న సూపర్‌వైజరు ఆశ్రమానికి ఫోను చెయ్యాలనే అనుకుంటూ వచ్చాడు. దిబ్బ ఎదుటికొచ్చి ఆగిపోయాడు. ఆ చివర నుంచి ఈ చివరదాకా ఇసుక నున్నగా ఉంది. అడుగున బుజ్జోడు కర్ర పాతుకుని, తప్పు కన్నాల్లో పెట్టుకున్న బొత్తాలతో, పైకి చూస్తూ నిలబడి ఉన్నాడు. దిబ్బ నెత్తిన గొడుగు ఉంది.

"గొడుగు తీసెయ్యమనండి," అన్నాడు సూపర్‌వైజరు, పక్కకొచ్చిన ఒంటె మామతో మెల్లగా. "మనిషి అడుగు పడని చోటంటాం. ఫోటోల్లో పడుతుంది."

"తీస్తే వాడు దిగలేడు సార్," అన్నాడు ఒంటె మామ.

"గాలుల కాలం వస్తే? అప్పుడేం నిలుస్తుంది?"

గేటు దగ్గర జనం కూడుతున్నారు. సూపర్‌వైజరు తాళాలు తీసుకుని అటు పోయాడు.

గైడు జనాన్ని అరుగు మీద నిలబెట్టి, అలవాటుగా చెయ్యి చాపి, గొడుగు చూసి, చెయ్యి దించుకున్నాడు.

"పైన ఎవరో కూర్చున్నట్టున్నారే?" అంది ఒకావిడ, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని.

విరిగిన ఊచ దగ్గర పసుపుపచ్చ పేలిక కొద్దికొద్దిగా కొట్టుకుంటోంది. గొడుగు కింద ఇసుక మీద గుండ్రటి నీడ, ఒక మనిషి కూర్చోడానికి సరిపోయేంత.