హాజీగారి ఒకటో నంబరు

పెళ్లిళ్లలో పళ్లెం ముందుగా హాజీ బూజీద్ గారి ముందుకే రావాలి. మసీదులో ముందు వరుసలో చోటుండాలి. మా తోల్గా ఊళ్లో పెద్దవాళ్లకు ఆ మర్యాద ఎలాగూ ఇస్తాం. ఈయనగారు దాన్ని కంప్యూటర్ల దాకా లాక్కొచ్చారు.

ఆయన మా ఖర్జూర సంఘానికి అధ్యక్షుడు. కంప్యూటర్లు చూసేది నేను. గిడ్డంగిలో చల్లదనం తగ్గితే అందరి ఫోన్లకూ కబురు పంపేలా అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరొకటి ఆయన గదిలో పెట్టాను. తీగ తెగినా వైఫై ఆదుకోవాలని రెండు చిరునామాలిచ్చాను. తీగది పదో నంబరు, వైఫైది పదకొండు. ఒకటో నంబరు వరండాలో ఉన్న రౌటర్‌ది. ఏ కబురైనా దాని గుండానే బయటికి పోవాలి.

ఆ గిడ్డంగిలోనే మబ్రూకా పిన్ని పంటంతా ఉంది. మెత్తటి ఖర్జూరం, వేడి తగిలితే నిలవదు. భర్త పోయాక ఆ తోటే ఆమెకు దిక్కు. కొనేవాడు ఆదివారం వస్తానన్నాడు.

అంకెలు చూడగానే హాజీగారి మొహం మాడిపోయింది.

"నా గదిలో ఉన్నదానికి పదా? వరండాలో గోడకు వేలాడే డబ్బాకి ఒకటా? నలుగురూ చూస్తే నా పరువేం కావాలమ్మాయ్?"

రెండిళ్లకు ఒకే నంబరుంటే ఉత్తరం చేరదని నచ్చజెప్పాను. గోడకు చెప్పుకున్నా నయమే. నేను ఇంటికెళ్లాక అల్లుడు వసీమ్‌ను పిలిపించారు. మామగారి మాటకు తలూపడానికే పుట్టాడు ఆ మహానుభావుడు. తీగకూ వైఫైకీ ఒకటో నంబరే తగిలించి చేతులు దులుపుకున్నాడట. మామగారు మురిసిపోయారట.

శుక్రవారం గిడ్డంగిని చల్లబరిచే యంత్రం ఆగిపోయింది. చిన్న కంప్యూటర్ వేడిని పసిగట్టింది. కానీ రౌటర్ నంబరు తనకే ఉన్నాక కబురు ఇంకెవరికిస్తుంది? మాకు శుక్ర, శనివారాలు సెలవు. ఫోన్లు మోగలేదు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నాం.

ఆదివారం తలుపు తీస్తే పులిసిన వాసన గుప్పుమంది. కొనేవాడు గుమ్మం దాటకుండానే వెనక్కి తిరిగాడు. హాజీగారు తన నిర్వాకాన్ని దేవుడి మీదికి నెట్టేసి టీ తెప్పించుకున్నారు.

ఎక్కడ తేడా వచ్చిందో చూసి మళ్లీ పది, పదకొండు పెట్టాను. ఈసారి ఆ చిన్న కంప్యూటర్ మీద ఒకటి అని పెద్దగా రాసిన కాగితం అంటించాను. హాజీగారు కళ్లద్దాలు సవరించుకుని చూశారు.

"ఇదీ పద్ధతంటే. ఈ పని ముందే చేసి ఏడవకూడదూ?" అన్నారు.

నాకు అసహ్యమేసింది. పాడైన పండ్లు తీసుకెళ్లడానికి వచ్చిన మబ్రూకా పిన్ని గుమ్మంలో నిలబడి అంతా వింది.

"ఆ కాగితం మొన్నే అంటించుంటే నా పండ్లు దక్కేవా అమ్మా?"

"దక్కేవి పిన్నీ."

ఆమె బయటికెళ్లి పులిసిన పండ్ల పెట్టెలను మేకల మేతకని బండికెత్తుకుంది.