ఒక సీసాకు ముగ్గురు

జెసింతాకు కోపమొస్తే చాంపియన్ రీఫ్‌లో నాలుగు లైన్ల ఇండ్లకు వినిపిస్తాది. ఆ దినం ఆయమ్మ కోపం ఒక మందు సీసా మీద.

మొగుడు ఆర్థర్ బంగారు గనిలో మనుషుల్ని దించే కేజీ అనే ఇనుప బోనుకు గంట కొట్టిన మనిషి. గని మూసినాక ఇంటి పట్టునే ఉండాడు. ఈ మధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, రొమ్ము పట్టుకొని కూలబడతా ఉండాడు. గుండెకు నెత్తురు సరిగ్గా పోతా ఉందో లేదో స్కాన్ తీసి చూడాల్సిందేనని బెంగళూరు డాక్టరు చెప్పినాడు. స్కానుకు ఆస్పత్రివాళ్ళు దయతలిచి తగ్గించినారు గానీ, దానికి ముందు నరానికి ఎక్కించే మందు మాత్రం బయటినుంచి తెప్పించాల. దాని ధర వినేసరికి ఆర్థర్ లేచి చెప్పులేసుకున్నాడు.

"అంత పెట్టి నా గుండె ఫొటో ఎవురికి కావాల? ఇంట్లో పెండ్లి ఫొటో ఉండాది కదా, అది చూసుకో పో."

జెసింతా నవ్వలేదు. ఈ మనిషి ఒకనాడు మెట్ల మీదే పడిపోతాడేమోనని ఆయమ్మకు రోజూ భయమే. ఆ భయంతోనే సిస్టరు మీద పడింది.

"చిన్న సూదికి ఇంత ధరా తల్లీ? బంగారం కరిగించి పోస్తారా ఏమి? బంగారమే కావాలంటే ఆ కాలంలోనే చెప్పుంటే మేమే తవ్విచ్చింటిమి!"

సిస్టరు నవ్వేసింది. "ఒక సీసా కలిపితే ముగ్గురికి వస్తాదమ్మా. ఆ పూట దాటితే పారేయాల్సిందే. మీరొక్కరే వస్తే సీసా అంతా మీ నెత్తినే. ఇదే స్కాన్ కావాలని డాక్టరు చీటీ ఉన్నోళ్ళను ఇంకో ఇద్దరిని అదే దినం పిలుచుకొని రండి, మూడు వంతులు చేస్తాము. ముందు దినం నుంచే కాఫీ, టీ ముట్టకూడదు. వట్టి కడుపుతో రావాల."

"అంతేనా? కేజీ నిండకుండా గంట కొట్టనోడి పెండ్లాన్ని నేను. ఇద్దరిని నింపలేనా?" అనింది జెసింతా.

ఒకడు వెతక్కుండానే దొరికినాడు. గౌనిపల్లి చిక్కవెంకటప్ప, టమాటా రైతు. ఆస్పత్రి వరండాలోనే అదే చీటీ చేతిలో పట్టుకొని, అదే ధర విని, గోడకానుకొని కూర్చొని ఉన్నాడు. రెండోవాడు రాబర్ట్‌సన్‌పేట కిరాణా అంగడి గుండప్ప. ఆయన దగ్గర డబ్బుకు కొదవ లేదు, ధైర్యానికే కొదవ. చీటీని దేవుడి పటం వెనక దోపి, గ్యాసు గ్యాసు అంటా సోడాలు తాగతా ఉండాడు.

"నాకేమమ్మా, గుండ్రాయి మాదిరి ఉండాను," అన్నాడు.

"ఉండన్నా, ఎవురు వద్దన్నారు? నీకోసరం పిలవలేదు నేను. నువ్వు రాకుంటే మా ఆయనకు సీసా నిండదు. రాలేదంటే మా చర్చి ఆడోళ్ళు ఒక్కరన్నా నీ అంగడి మెట్టెక్కుతారేమో చూస్తాను!"

గుండప్ప రెండు చేతులూ ఎత్తి దండం పెట్టినాడు. "వస్తానమ్మా తల్లీ."

"గురువారం పొద్దున రైలు. ఉపవాసం ఉండాల, మర్చిపోవద్దు," అని చెప్పి జెసింతా గెలిచినదాని మాదిరి ఇంటికొచ్చింది.

గురువారం బెంగళూరుకు పోయే మారికుప్పం రైల్లో కిటికీ సీట్లు దొరికినాయి. జెసింతా ఆస్పత్రికి ఫోను చేసి ముగ్గురమూ బయలుదేరినామని చెప్పేసింది. అట్లా ఫోను పెట్టి ఇట్లా తిరిగేసరికి ఏముంది! గుండప్ప ఫ్లాస్కు తెరిచి ఉండాడు. ఆయన లోటా ఖాళీ, చిక్కవెంకటప్ప లోటా ఖాళీ, మూడోది ఆర్థర్ మూతి దగ్గరుంది. జెసింతా ఒక్క దెబ్బ వేసింది. కాఫీ అంతా కిటికీ పాలు.

"ఉపవాసమని చెప్పలేదా అన్నా నీకు!"

"ఉపవాసమే కదమ్మా ఉండేది! ఏకాదశికి మా ఇంట్లో మెతుకు ముట్టరు, కాఫీ మాత్రం తాగతారు. కాఫీ ఏమన్నా తిండా?"

జెసింతా ఎత్తిన చేయి దించేసింది. గుడ్ ఫ్రైడే ఉపవాసాన తనూ అంతే, పాలు లేని కాఫీ తాగే పొద్దు గడుపుతాది. సిస్టరు చెప్పిన కాఫీ మాట మింగేసి, ఉపవాసమని ఒక్క ముక్కతో సరిపెట్టింది తనే. ఆడ సీసా కలిపేసుంటారు. వీళ్ళిద్దర్నీ వెనక్కి పంపిస్తే అంతా ఆర్థర్ మీదే పడతాది, ఆయన ఇంగ జన్మలో ఆస్పత్రి గడప తొక్కడు. అది తలచుకొని వైట్‌ఫీల్డ్ దాటేదాకా కొంగుతో కండ్లు తుడుచుకుంటానే ఉండింది.

డాక్టరు మొదట ముగ్గుర్నీ కలిపి తిట్టినాడు. తర్వాత ఆర్థర్ మోకాలు చూసినాడు, తక్కిన ఇద్దరి కాళ్ళు చూసినాడు.

"గుండె పరిగెత్తేటప్పుడే ఈ స్కాన్ తీయాల. కాళ్ళు ఆడనోళ్ళకు కూర్చోబెట్టి గుండెను పరిగెత్తించే మందు ఇంకొకటి ఉండాది. కాఫీ తాగినోళ్ళకు అది పనిచేయదు. వాళ్ళు తిరిగే బెల్టు మీద పరిగెత్తాల. ఎట్లా పరిగెత్తినా సీసాలో మందు అందరికీ ఒకటే, పారేసే పని లేదు."

గనిలో బండ పడి మోకాలు పోయిన ఆర్థర్ పరిగెత్తలేడు. కాఫీ తాగనిదీ ఆయనొక్కడే. జెసింతా అక్కడే సిలువ గుర్తు వేసుకుంది. చిక్కవెంకటప్ప తోటకు పోతున్నట్టు తాపీగా నడిచేసినాడు. గుండప్ప పంచె ఎగ్గట్టి బెల్టెక్కి, "ఎంత నడిచినా ఊరు రాదేమప్పా!" అని అరిస్తే సిస్టర్లంతా పకపకా నవ్వినారు.

సాయంత్రం డాక్టరు పిలిచినాడు. ఆర్థర్ గుండెకు నెత్తురు బాగానే పోతా ఉంది, మాత్రలు చాలు. చిక్కవెంకటప్పకూ అంతే. జెసింతాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"గుండప్పగారూ, మీరు మాత్రం ఇంటికి పోవద్దు," అన్నాడు డాక్టరు. "రెండు చోట్ల నెత్తురు సరిగ్గా పోవడం లేదు. ఈ పొద్దే చేరిపోండి, రేపే నరం లోపల చూసి బాగు చేస్తాను. మంచి వేళకొచ్చినారు."

గుండప్ప మంచమెక్కినాక సెల్‌ఫోను తీసి జెసింతా చేతిలో పెట్టినాడు. "మా ఇంటామె దాక్షాయణికి నువ్వే చెప్పమ్మా. నాకు నోరు రాదు."

ఇంతసేపూ తన మొగుడు బాగున్నాడని సంబరపడినందుకు జెసింతాకు సిగ్గేసింది. ఫోను కలిపింది. "అక్కా, భయపడొద్దు. అన్న గుండెలో కష్టం ఉండాది. అది కనిపించింది. కనిపించింది కాబట్టే బాగు చేస్తారు. మేము ఈడే ఉంటాము, నువ్వు పొద్దున రైలుకు రా."

ఫోను పెట్టేసరికి గుండప్ప పిల్లోడి మాదిరి ఏడుస్తా ఉండాడు. "నువ్వు బెదిరించకుంటే నేను అంగట్లో తక్కెడ పట్టుకొనే పోయుండేవాడిని కదమ్మా?"

"పోయుండేవాడివే," అనింది జెసింతా, దాచకుండా. ఆయన చేయి గట్టిగా పట్టుకొని మంచం పక్కన కూర్చుంది. "పోలేదు కదన్నా. ఇంగ మెల్లగా ఏడువు. ఆ సిస్టరు నాకంటే పెద్ద నోరుది."