కృష్ణయ్య కనబడట్లేదు

ఆ ఉదయం గొడవ కత్తెర దగ్గర మొదలైంది. మామిడాకుల తోరణానికి పురికొస కత్తిరించాలి. కత్తెర ఎక్కడ పెట్టావని నవీన్‌బాబు హాల్లోంచి అడిగాడు. తను పెట్టలేదనీ, దాని చోట్లోనే ఉందనీ సింధూర వంటింట్లోంచి చెప్పింది.

"ఆ చోటేదో చెబితే నీ సొమ్మేం పోయింది?"

"కుట్టుమిషను సొరుగులోనండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడే ఉంది."

పండగపూట మొగుడి చేత సొరుగులు వెతికించే ఆడదాన్ని ఎక్కడా చూడలేదని పూజగదిలోంచి అత్తగారు కమలాకుమారి అంది. చివరికి సింధూరే గారెల పిండి చేత్తో వెళ్ళి, మోచేత్తో సొరుగు లాగి చూపించింది. కత్తెర అక్కడే ఉంది. అతను తీసుకుని, ముందే ఈ పని చేస్తే ఇంత మాట వచ్చేది కాదుగా అని వెళ్ళిపోయాడు.

జగ్గయ్యపేటలోని ఆ ఇంట్లో ప్రతి వస్తువుకీ ఒక చోటుంది. ఆ చోటు మాత్రం సింధూర నోట్లో ఉంది. మామగారి బీపీ మాత్రలు, గ్యాసు పుస్తకం, మరిది సతీష్ బండి రెండో తాళం, అన్నీ ఆమెని అడిగితేనే కనబడతాయి. వెతకడం కన్నా పిలవడం తేలిక కదా అనుకునేది మొదట్లో. తరవాత్తరవాత, పిలిచిన ప్రతిసారీ చేతిలో పని ఆగిపోవడం, ఆగిన పని ఎందుకాగిందని మళ్ళీ తననే అడగడం గమనించింది. గమనించి ఊరుకుంది. ఊరుకోవడం కూడా తన పనుల్లో ఒకటనుకుంది.

ఆమెది చందర్లపాడు. నందిగామలో డిగ్రీ, విజయవాడలో ఎంసీఏ చదివి, పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక కంపెనీలో పని చేసింది. పెద్దపెద్ద ఆఫీసుల కంప్యూటర్ ఫైళ్ళు దాచే స్టోరేజీ పెట్టెల్ని దూరం నుంచే కనిపెట్టుకుని ఉండే పని. "మన షాపే ఉండగా ఎవరికో ఎందుకు చెయ్యడం?" అన్నాడు నవీన్ పెళ్ళిచూపుల్లోనే. ఆ 'మన' అనే మాట ఆ రోజు ఎంత బావుందో. నందిగామలో వాళ్ళ షాపు పేరు స్వర్ణ డిజిటల్స్. పెళ్ళి ఆల్బమ్‌లు చేస్తారు. ఫొటోలన్నీ దాచడానికి రెండు స్టోరేజీ పెట్టెలు కొని జత చేద్దామన్నది సింధూరే. ఒకటి ఆగిపోతే రెండోది ఆ పని అందుకుంటుంది. బయటవాళ్ళకి రెండూ కలిసి ఒకటే పేరుతో కనబడాలి, ఎవరూ ఏ పెట్టెనీ విడిగా పిలవకూడదు. ఇదంతా ఇంట్లో కూర్చుని లాప్‌టాప్‌లో ఆమే అమర్చింది. ఉమ్మడి పేరు 'స్వర్ణ' అని పెట్టింది. పెట్టెలకి మాత్రం నవీన్ తల్లిదండ్రుల పేర్లు పెట్టాడు. ఒకటి కృష్ణయ్య, ఒకటి కమల. తన పేరు పెడతాడని ఆమె అనుకోలేదు. అడుగుతాడేమో అనుకుంది.

కత్తెర గొడవ జరిగిన ఆరోజు ఆయుధపూజ. కరెంటు నడుస్తున్న మిషనుకి తడి పసుపు పెట్టకూడదు, ఆపి పెట్టండి, పూజయ్యాక రేపటిదాకా ముట్టుకోకండి అని కమలాకుమారి చెప్పి పంపింది. ఒక్కదాన్నే ఆపండి, రెండోది నడవాలి అని సింధూర చెప్పింది. అన్నదమ్ములిద్దరూ నందిగామ వెళ్ళారు. ఆమె మొదటి వాయి గారెలు తీస్తుండగా ఫోను మోగింది. షాపులో డిజైనర్ రేహానా.

"మేడం, కృష్ణయ్య కనబడట్లేదు. ఏ సిస్టంలోనూ లేదు. ఆల్బమ్‌లన్నీ పోయినట్టే ఉంది."

ఫోను స్పీకర్లో ఉంది. వరండాలో పేపరు చదువుతున్న మామగారు తలెత్తి, "నేనిక్కడే ఉన్నానని చెప్పమ్మా," అన్నాడు.

సింధూరకి నవ్వు రాలేదు. డాక్టర్ కృపారావుగారు సెలవు కదా అని కూతురి పెళ్ళి ఆల్బమ్ చూడటానికి షాపుకి వచ్చి కూర్చున్నారట. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని లాప్‌టాప్ తెరిచింది. ఫొటోలు ఎక్కడికీ పోలేదు. పూజకని కృష్ణయ్యని ఆపిన నిమిషానికే కమల మొత్తం భారం ఎత్తుకుని నడుస్తోంది. మరి కనబడదేం? సెట్టింగులు చూస్తే తెలిసింది. నెట్‌వర్క్ జాబితాలో కనబడాల్సింది స్వర్ణ ఒక్కటే. ఎవరో దాన్ని కనబడకుండా చేసి, కృష్ణయ్యనీ కమలనీ విడివిడిగా కనబడేట్టు మార్చారు. షాపంతా అలవాటుగా కృష్ణయ్యలోంచే వెళ్తోంది. పని ఇద్దరూ మోస్తున్నా పిలుపు ఆయనకే. ఆయన లేకపోతే అంతా పోయిందనుకున్నారు, పక్కనే కమల అన్నీ పట్టుకుని నిలబడి ఉన్నా. సింధూర నూనె వాసన వస్తున్న తన వేళ్ళని చూసుకుంది. ఇది సతీష్ పనే. అమ్మానాన్నల పేర్లు పెట్టి జాబితాలో కనబడకపోతే ఎలా వదినా అని పెట్టెలు బిగించిన రోజే అన్నాడు.

విడి పేర్లు తీసేసి ఉమ్మడి పేరు కనబడేట్టు చేసింది. జాబితాలోకి రావడానికి కాస్త టైం పడుతుంది, ఈలోగా స్వర్ణ అని టైపు చేసి వెళ్ళమని రేహానాకి చెప్పింది. "వచ్చినయ్ మేడం, అన్నీ ఉన్నయ్," అంది రేహానా గట్టిగా ఊపిరి వదిలి. ఫోను పెట్టెయ్యడం మర్చిపోయింది. అటునుంచి డాక్టరుగారి గొంతు వినబడింది, ఎవరు బాగు చేశారని. నవీన్ గొంతు వినబడింది.

"మా హైదరాబాద్ టెక్నీషియన్ ఉన్నాడు సార్. మంచి గట్టివాడు."

తన స్కానింగ్ సెంటర్లో ఫిల్ములు దాచడానికి కూడా ఇలాంటిదే కావాలనీ, సోమవారం అతన్ని పంపమనీ డాక్టరు అంటున్నారు. తప్పకుండా పంపుతానని నవీన్. సింధూర ఫోను కట్టేసి, స్టవ్ వెలిగించింది. నూనె మళ్ళీ కాగేదాకా నిలబడి, ఉన్నాడు అనే ఆ చిన్నమాట గురించి ఆలోచించింది. భార్య చేస్తుందని చెప్పడానికి సిగ్గుపడ్డాడా? కాదు. అంతదూరం ఆలోచించి ఉండడు. గట్టివాడు అనగానే మగవాడే నోటికొస్తాడు. సిగ్గయినా పడితే బావుండును, కనీసం తను గుర్తొచ్చినట్టుండేది. వాయి దింపి, మళ్ళీ ఫోను తీసి రేహానాని డాక్టరుగారి నంబరు అడిగింది.

మధ్యాహ్నం ఐదు విస్తళ్ళు వేసింది. రోజూ అందరిదీ అయ్యాక తినే ఆమె ఆరోజు అన్నీ వడ్డించి తనూ కూర్చుంది. నవీన్ హుషారుగా ఉన్నాడు. సోమవారం ఆ టెక్నీషియన్ బదులు సతీష్‌ని డాక్టరుగారి దగ్గరికి పంపుతున్నాననీ, ఏమేం చెయ్యాలో వాడికి నేర్పమనీ, ఆ పూటకి ఫోన్లో ఉండమనీ చెప్పాడు.

"పెరుగేది?" అన్నాడు సతీష్.

"ఫ్రిజ్‌లో, రెండో అరలో," అంది సింధూర. లేవలేదు.

చివరికి కృష్ణయ్యే లేచి వెళ్ళాడు.

"సోమవారం నేనే వెళ్తున్నా," అంది ఆమె పులిహోర కలుపుకుంటూ. "డాక్టరుగారితో మాట్లాడా. పొద్దున బాగు చేసింది నేనేనని, నా పేరు సింధూరని చెప్పా. ఆయనకేం ఇబ్బంది లేదన్నారు. ఆ తరవాత కూడా రోజూ నందిగామ వస్తా. షాపులో నాకో టేబుల్ కావాలి."

నవీన్ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు. "మరి ఇంట్లో?"

"ఏది ఎక్కడుందో ఇవాళ సాయంత్రం అందరికీ ఒకసారి చూపిస్తానండీ," అంది. "రెండోసారి చెప్పను."